వైరు తీయకండి: సర్జన్ వంద కిలోమీటర్ల దూరంలో ఉండగా గుండె నాళానికి చిల్లు పడితే

నల్లగొండ చుట్టుపక్కల బత్తాయి తోట ఉన్న రైతును ఎవరినైనా అడిగి చూడండి, డ్రిప్పు పైపు పగిలి నీళ్లు చిమ్ముతుంటే మొదట ఏం చేస్తారని. జాయింటు ముక్క కోసం వెతకరు, పైపు ఎందుకు పగిలిందా అని నిలబడి ఆలోచించరు. పరుగున వెళ్లి పైనున్న గేటు వాల్వు తిప్పేస్తారు. మిగతాదంతా నీళ్లు ఆగిన తర్వాతే. యాంజియోప్లాస్టీ చేస్తుండగా గుండె రక్తనాళానికి చిల్లు పడితే చేయాల్సిందీ ఇదే. మన దగ్గర వాల్వు ఉండదు కాబట్టి నాళాన్ని లోపలి నుంచి వెడల్పు చేసే బెలూనే వాల్వు. దాన్ని అక్కడికి చేర్చే దారి, కేసు మొదట్లోనే నాళంలోకి దించిన సన్నని వైరు. ఏం జరిగినా ఆ వైరును కంగారులో బయటికి లాగకండి. దారి పోతే మళ్లీ దొరకదు.

జిల్లా కేంద్రాల్లోని క్యాథ్ ల్యాబుల్లో (యాంజియోప్లాస్టీలు చేసే గదుల్లో) కొత్తగా చేరిన కార్డియాలజిస్టులు, టెక్నీషియన్లు, నర్సుల కోసం ఇది రాస్తున్నాను. నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు వంద కిలోమీటర్లు. గుండె సర్జన్ పక్క గదిలో ఉన్నాడనుకుని రాసిన పాఠాలు మనకు సగమే పనికొస్తాయి. ఇక్కడ చిల్లును టేబుల్ మీదే మూయాలి, లేదా మూసి ఉంచి పంపాలి.

ముందు రోజు సాయంత్రం

వెయ్యి యాంజియోప్లాస్టీలు చేస్తే రెండు నుంచి ఆరింటిలో నాళానికి చిల్లు పడుతుందని లెక్క. నెలకు నలభై కేసులు చేసే ల్యాబులో ఏడాదికి ఒకటి నుంచి మూడు దాకా వస్తాయన్నమాట. ఇంత అరుదు కావడమే అసలు చిక్కు. అది వచ్చిన రోజున కావలసిన సామాను ఏ అలమారాలో ఉందో ఎవరికీ గుర్తుండదు.

ఒక డబ్బా పెట్టుకోండి, ఎర్ర టేపు అంటించండి, తాళం వేయకండి. అందులో 3 మిల్లీమీటర్లదీ, 3.5 మిల్లీమీటర్లదీ కవర్డ్ స్టెంట్లు (చిల్లును మూసే పొర ఉన్న స్టెంట్లు) ఒక్కొక్కటైనా ఉండాలి. ఒక మైక్రోక్యాథెటర్ (చిన్న కొమ్మల్లోకి వెళ్లే సన్నని గొట్టం), దాంట్లో దూరే కాయిళ్లు (కొమ్మను మూసే సన్నని తీగ చుట్టలు), గుండెను చుట్టి ఉండే సంచిలోని రక్తం తోడే పొడవాటి సూది, కొస వంగిన 0.035 అంగుళాల వైరు, ఆ రక్తం బయటికి రావడానికి 6 ఫ్రెంచ్ (2 మిల్లీమీటర్ల) పిగ్‌టెయిల్ గొట్టం, 50 మిల్లీలీటర్ల సిరంజీలు, హెపారిన్‌కు విరుగుడైన ప్రొటమిన్ కూడా అందులోనే ఉంచండి. ఎకో మిషను ఓపీలో కాదు, ల్యాబు తలుపు పక్కనే ఉండాలి.

కాయిళ్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. 0.018 అంగుళాల కాయిల్ మనం రోజూ వాడే కరొనరీ మైక్రోక్యాథెటర్‌లో మామూలుగా దూరదు. రెండూ డబ్బాలో ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటారు, అవసరం వచ్చిన రోజున ఒకదానిలో ఒకటి పట్టదు. కొన్నప్పుడే రెండు ప్యాకెట్ల మీదా అంకెలు చదివి సరిచూసుకోండి.

కవర్డ్ స్టెంటు వాడకుండానే గడువు తీరిపోతుందని, దాని మీద డబ్బు ఎందుకు పెట్టాలని యాజమాన్యం అడుగుతుంది. అడగనివ్వండి. అగ్నిమాపక సిలిండరు కూడా గడువు తీరే దాకా గోడకు వేలాడుతూనే ఉంటుంది, దాన్ని ఎందుకు కొన్నామని ఎవరూ అడగరు.

ఎవరికి చిల్లు పడే అవకాశం ఎక్కువో కేసు మొదలు కాకముందే చూసి బోర్డు మీద రాయండి. వయసు మీరినవారు, ముఖ్యంగా ఆడవారు, సున్నం పేరుకుని వంకర తిరిగిన నాళాలు, ఏళ్ల తరబడి పూర్తిగా మూసుకుపోయిన నాళాలు, సున్నాన్ని అరగదీసే రోటాబ్లేటర్ వాడాల్సిన కేసులు. వీటిలో బెలూన్ కొలతను కంటి అంచనాకు వదలకండి. నాళం లోపలి అల్ట్రాసౌండ్ ఉంటే వాడండి. నాళం వెడల్పును బెలూన్ పదో వంతుకు మించి దాటిందంటే ప్రమాదం పెరుగుతున్నట్టే. మూసుకుపోయిన చోటును దాటడానికి జారుడు పూత ఉన్న వైరు వాడితే, దాటిన వెంటనే దాన్ని మార్చి మామూలు మెత్తటి వైరు వేయండి. ఆ జారుడు వైరు కొస మీరు స్టెంటు మీద చూపు పెట్టి ఉండగా చప్పుడు లేకుండా చిన్న కొమ్మలోకి దూరి అవతలికి వెళ్లిపోతుంది. ప్రతి ఎక్స్‌రే షాట్‌లోనూ వైరు కొస తెర మీద కనిపించాలి. ఇది చాదస్తమని మీ టెక్నీషియన్ అనుకున్నా పరవాలేదు.

మొదటి నిమిషం

దేవరకొండ వైపు నుంచి వచ్చిన డెబ్బై దాటిన పెద్దాయన. గుండె ముందు వైపుకు రక్తం తీసుకెళ్లే ఎల్‌ఏడీ నాళం నిండా సున్నం. స్టెంటు వేశాం, మధ్యలో నడుము బిగించినట్టు సన్నగా ఉండిపోయింది. 3.5 మిల్లీమీటర్ల బెలూన్ పెట్టి 20 అట్మాస్ఫియర్ల ఒత్తిడికి ఎక్కించాను. నడుము ఒక్కసారిగా విడిపోయింది. అదే క్షణంలో పెద్దాయన "అబ్బా" అని భుజం కదిపారు. బెలూన్ దించి, తెర మీద నాళాన్ని చూపే డై ఇస్తే, నాళం పక్క నుంచి నల్లటి పొగలాంటిది చిమ్ముతూ బయటికి వచ్చింది. సిరా నీళ్లలో కలిసినట్టు మెల్లగా కాదు, బోరు పైపు పగిలినట్టు.

అప్పుడు చేసిన పని ఒక్కటే. దించిన బెలూన్ ఇంకా వైరు మీదే ఉంది కాబట్టి దాన్నే చిల్లు మీదకు తెచ్చి మళ్లీ ఎక్కించాను. ఈసారి 4 అట్మాస్ఫియర్లే. వెంటనే కొంచెం డై ఇచ్చి చూశాను. బెలూన్ పక్క నుంచి ఏమీ కారడం లేదు. "టైము రాయండి" అన్నాను. టెక్నీషియన్ గోడ గడియారం చూసి బోర్డు మీద రాశాడు. అక్కడి నుంచి ప్రతి నిమిషం పైకి చదివాడు. ఆ గొంతు వినిపిస్తుంటే గదిలో అందరి చేతులూ కుదురుకున్నాయి.

మీరు చేయాల్సిన క్రమం కూడా ఇదే. అప్పటికే బయటికి తీసిన బెలూన్ ఉంటే అదే వెనక్కి పంపండి. కొత్త ప్యాకెట్ విప్పేలోగా గుండె సంచి నిండిపోవచ్చు. బెలూన్ నాళం వెడల్పుకు సరిపోవాలి, పెద్దది కాకూడదు. ఒత్తిడి 2 నుంచి 6 అట్మాస్ఫియర్లు. బిగించడం కాదు, ఆనించడం. ఎక్కించిన తర్వాత డై ఇచ్చి లీకు ఆగిందని చూడకపోతే, ఆగిందనే నమ్మకంతో పది నిమిషాలు పోగొట్టుకుంటారు. ఇది నేను ఒకసారి చేసిన తప్పు. బెలూన్ రెండు మిల్లీమీటర్లు ముందుకు జారి ఉంది, చిల్లు దాని వెనక తెరుచుకునే ఉంది.

బెలూన్‌ను పది నిమిషాలు ఉంచగలిగితే మంచిది. అయితే అంతసేపూ ఆ నాళం కింది గుండె కండరానికి రక్తం అందదు. ఛాతీ నొప్పి వస్తుంది, ఈసీజీ మారుతుంది, బీపీ పడవచ్చు. నొప్పికి మందు ఇవ్వండి. రోగి భుజం మీద చెయ్యి వేసి, ఇది కాసేపు ఉంటుందని చెప్పండి. పెద్ద నాళం మొదట్లోనే చిల్లు పడితే పది నిమిషాలు తట్టుకోవడం కష్టం. మూడు నాలుగు నిమిషాలకోసారి కొన్ని క్షణాలు దించి మళ్లీ ఎక్కించాల్సి రావచ్చు. బీపీ పడిందంటే రక్తం అందకపోవడం వల్లనా, గుండె సంచి నిండడం వల్లనా? ఆ రెండింటినీ ఊహతో తేల్చకండి, ఎకో ప్రోబు ఛాతీ మీద పెట్టండి. అందుకే మిషను తలుపు పక్కన ఉండాలన్నాను.

ఈ పది నిమిషాల్లో మిగతావారు ఊరికే నిలబడరు. ఒకరు రక్తం తెప్పిస్తారు, ఒకరు ఎర్ర టేపు డబ్బా విప్పుతారు, ఒకరు హైదరాబాద్ సర్జన్‌కు ఫోను చేస్తారు. అవసరం పడితే చేద్దామని కాకుండా, పడకపోతే వద్దని చెబుదామని ఇప్పుడే చేయాలి.

ఎంత పెద్ద చిల్లు

1994లో ఎల్లిస్, ఆయన సహచరులు ఇచ్చిన వర్గీకరణనే అందరం వాడుతున్నాం. మొదటి రకంలో నాళం గోడ బయటికి గుంతలా ఉబ్బుతుంది, డై బయటికి రాదు. రెండో రకంలో చుట్టూ మరకలా పాకుతుంది, ధార కనిపించదు. మూడో రకంలో ఒక మిల్లీమీటరుకు తగ్గని రంధ్రంలోంచి డై చిమ్ముతుంది. ఆ ధార గుండె సంచిలోకి కాకుండా గుండె గదిలోకి పడితే వెంటనే ప్రాణం మీదకు రాదు. మొదటి రెండు రకాలు చాలాసార్లు బెలూన్‌తోనో, అరగంట కనిపెట్టుకుని ఉండడంతోనో సర్దుకుంటాయి. మూడో రకాన్ని వేచి చూసి గెలవలేం.

పెద్దాయనది మూడో రకమే. పదో నిమిషంలో బెలూన్ దించి చూస్తే ధార సన్నబడింది కానీ ఆగలేదు.

మూత వేయడం

కవర్డ్ స్టెంటు అంటే గుడ్డ చుట్టిన స్టెంటు అనుకోండి. గ్రాఫ్ట్‌మాస్టర్ అనే రకంలో రెండు స్టెంట్ల మధ్య టెఫ్లాన్ జాతి పొర ఉంటుంది, అందుకే అది మందంగా, మొండిగా ఉంటుంది. పాపైరస్ అనే రకంలో ఒకే స్టెంటు మీద పాలీయురేథేన్ పొర ఉంటుంది, అది తేలిగ్గా వంగుతుంది. దాని 4 మిల్లీమీటర్ల వరకు సైజులు 5 ఫ్రెంచ్ గైడ్‌లోనే (సామానును నాళం మూతి దాకా చేర్చే గొట్టంలోనే) వెళ్తాయి. చేతి నుంచి చేసే కేసులకు ఇది పెద్ద వెసులుబాటు.

చిక్కు ఎక్కడంటే, బెలూన్ దించి తీసి, స్టెంటు తెచ్చి, చిల్లు దాకా నెట్టే ఆ రెండు మూడు నిమిషాలు చిల్లు తెరుచుకుని ఉంటుంది. దీనికి రెండు గైడ్‌ల పద్ధతి ఉంది. తొడ నుంచి రెండో గైడ్ క్యాథెటర్ తెచ్చి, మొదటి గైడ్‌ను నాళం మూతి నుంచి కాస్త వెనక్కి జరిపి, రెండోదాన్ని అక్కడ ఆనించండి. మొదటి గైడ్ లోని బెలూన్ ఎక్కించే ఉంటుంది. రెండో గైడ్ నుంచి కొత్త వైరు బెలూన్ దాకా తెచ్చి, ఒక్క క్షణం బెలూన్ దించి వైరును దాటించి, మళ్లీ ఎక్కించండి. ఆ వైరు మీద కవర్డ్ స్టెంటును బెలూన్ వెనక దాకా తెచ్చి సిద్ధంగా ఉంచండి. అప్పుడు బెలూన్ దించి, వైరుతో సహా మొదటి గైడ్‌లోకి లాగి, వెంటనే స్టెంటు ముందుకు నెట్టి విప్పండి. వైరు తీయవద్దన్న మాటకు ఇక్కడ మినహాయింపు ఉంది. రెండో వైరు దాటి ఉంది కాబట్టే మొదటిది తీస్తున్నాం.

7 లేదా 8 ఫ్రెంచ్ గైడ్‌తో మొదలుపెట్టి ఉంటే బెలూన్, స్టెంటు రెండూ ఒకే గైడ్‌లో పట్టవచ్చు. పట్టేదీ లేనిదీ కేసులో కాకుండా ఖాళీ సమయంలో బల్ల మీద పాత సామానుతో చేసి చూసుకోండి. మేము నెలకోసారి శనివారం మధ్యాహ్నం ఇలా చేస్తాం. మొదటిసారి చేసినప్పుడు కవర్డ్ స్టెంటు చేతికి రావడానికే ఏడు నిమిషాలు పట్టింది. అలమారా తాళం స్టోరు ఇన్‌ఛార్జి జేబులో, ఆయన భోజనంలో.

స్టెంటు విప్పాక మరోసారి గట్టి బెలూన్‌తో బాగా ఒత్తండి. పొర గోడకు అతుక్కోకపోతే అంచుల నుంచి కారుతూనే ఉంటుంది. ఆ పొర దారిలో ఉన్న పక్క కొమ్మలను కూడా మూసేస్తుందని మరవకండి. పెద్ద కొమ్మ మొదలయ్యే చోట అది ప్రాణానికి చెల్లించే ధర అవుతుంది. చెల్లించాల్సి వస్తే చెల్లించాలి, తెలిసి చెల్లించాలి.

కొసన పడిన చిల్లు

వైరు కొసతో చిన్న కొమ్మకు పడిన చిల్లుకు కవర్డ్ స్టెంటు పనికిరాదు, అంత సన్నగా ఉండదు. ముందు వైరు కొసను ఆ కొమ్మలోంచి కాస్త వెనక్కి జరిపి, నాళంలోనే ఉంచి, కొమ్మకు పైన చిన్న బెలూన్ తక్కువ ఒత్తిడితో పెట్టి ఆగండి. ఆగకపోతే కాయిల్. కాయిల్ లేకపోతే కొవ్వు. తొడ దగ్గర గానీ, పొట్ట మీద గానీ మత్తు సూది ఇచ్చి చిన్న గాటు పెట్టి, చర్మం కింది కొవ్వు తీయండి. దాన్ని నూక గింజంత ముక్కలు చేసి, డైలో నానబెట్టి, ఆ కొమ్మలోకి చేర్చిన మైక్రోక్యాథెటర్ నుంచి ఒక్కో ముక్కను చిన్న సిరంజీతో పంపండి. డైలో ముంచకపోతే అది ఎక్కడికి పోయిందో తెర మీద కనిపించదు. రూపాయి ఖర్చు లేని ఈ వైద్యం బాగా పనిచేస్తుంది. ఖరీదైనది కాదు కాబట్టి ఎవరూ దీన్ని కొత్తవాళ్లకు నేర్పే తొందరలో ఉండరని నా అనుమానం.

రెండు నాళాలను కలిపే పక్కదారిలో, గుండె పైపొర మీద చిల్లు పడితే, రక్తం రెండు వైపుల నుంచీ వస్తుంది. ఒక వైపు మూసి ఊపిరి పీల్చుకోకండి.

గుండె సంచి నిండితే

నెమ్మదిగా చేరితే గుండె సంచి లీటరు దాకా ఓర్చుకుంటుంది. ఇక్కడ నిమిషాల్లో చేరుతుంది కాబట్టి 100, 200 మిల్లీలీటర్లే గుండెను పిసికేస్తాయి. బీపీ పడుతుంది, నాడి పెరుగుతుంది, మెడ సిరలు ఉబ్బుతాయి. తెర మీద గుండె అంచు మామూలుగా కొట్టుకోకుండా స్తబ్దుగా కనిపిస్తుంది. సెలైన్ వేగంగా ఎక్కించండి, బీపీ పెంచే నారడ్రెనలిన్ మొదలుపెట్టండి. అవి కొంత సమయం కొనిపెడతాయి, అంతే.

సూది దించాల్సిందే. ఛాతీ ఎముక కింది కొసకు ఎడమ పక్కన, చర్మానికి 30 నుంచి 45 డిగ్రీల వాలుతో, ఎడమ భుజం వైపు. ఎకో చూస్తూ వెళ్లండి. రక్తం వచ్చినంత మాత్రాన సంతోషించవద్దు. అది గుండె గదిలోంచి కూడా రావచ్చు. కొంచెం డై ఇచ్చి చూడండి, లేదా వైరు దించి అది గుండె చుట్టూ రెండు పక్కలా అంచు వెంట తిరుగుతోందో లేదో తెర మీద చూడండి. అప్పుడే పిగ్‌టెయిల్ వేయండి. మొదటి 50 మిల్లీలీటర్లు తోడగానే బీపీ లేస్తుంది. పెద్దాయనకు 60 నుంచి 105కు వచ్చింది. ఆ అంకెను చూసినప్పుడు నర్సు ముక్కు మీది మాస్కు పైకి లాక్కుని కళ్లు తుడుచుకుంది.

తోడిన రక్తాన్ని పారబోయకండి. గడ్డలు లేకపోతే అదే సిరంజీతో తొడ సిరలో పెట్టిన షీత్ అనే గొట్టం ద్వారా వెనక్కి ఇవ్వవచ్చు. బ్లడ్ బ్యాంకు నుంచి సంచి వచ్చేదాకా ఇదే ఆధారం.

బైపాస్ ఆపరేషన్ అయినవారికి గుండె సంచి అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి భయం లేదని కొందరు చెబుతారు. నమ్మకండి. రక్తం ఒక మూల చేరి ఒక్క గదినే నొక్కేస్తుంది. మామూలు ఎకోలో కనపడకపోవచ్చు, సూదికి అందకపోవచ్చు. వారికే సర్జన్ ఎక్కువ అవసరం.

హెపారిన్ సంగతి

కేసులో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తాం, చిల్లు చూడగానే దాని విరుగుడు ప్రొటమిన్ ఇవ్వాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. నాళంలో వైరు, బెలూన్, కొత్త స్టెంటు ఉండగా రక్తం గడ్డకట్టే శక్తిని తిరిగి ఇస్తే, చిల్లుతో పాటు నాళమంతా మూసుకుపోతుంది. సామాను బయటికి వచ్చాక, ఇంకా కారుతుంటే అప్పుడు. లోపల మిగిలి ఉన్న ప్రతి 100 యూనిట్ల హెపారిన్‌కు 1 మిల్లీగ్రాము, మొత్తం 50 మిల్లీగ్రాములు దాటకుండా, పది నిమిషాల మీద మెల్లగా. మబ్బుగా ఉండే మిక్స్‌డ్ ఇన్సులిన్ ఏళ్లుగా వాడుతున్న షుగరు రోగులను ముందే అడిగి తెలుసుకోండి. ఆ ఇన్సులిన్‌లో ప్రొటమిన్ ఉంటుంది కాబట్టి వారికి దీనితో తీవ్రమైన అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువ. హెపారిన్ బదులు బైవాలిరుడిన్ వాడి ఉంటే దానికి విరుగుడు లేదు, ఆపి వేచి ఉండడమే.

హైదరాబాద్ పంపాల్సి వస్తే

లీకు ఆగని రోగిని, సంచిలో డ్రెయిన్ (ఆ పిగ్‌టెయిల్ గొట్టం) లేని రోగిని అంబులెన్సులో పెట్టి నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగానో, జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగానో పంపడం వైద్యం కాదు. డ్రెయిన్ ఉండాలి, రక్తం సంచులు వెంట ఉండాలి, సిరంజీతో తోడడం తెలిసిన డాక్టరు పక్కన కూర్చోవాలి. అవసరమైతే బెలూన్ ఎక్కించి ఉంచే పంపండి. యాంజియో పెన్ డ్రైవ్ ఒకటి డాక్టరు జేబులో పెట్టండి. సర్జన్‌కు మీ వర్ణన కన్నా ఆ షాట్ ముఖ్యం.

బయట ఉన్నవాళ్లకు ఈలోగా ఎవరో ఒకరు చెప్పాలి. పెద్దాయన కొడుకు "స్టెంటు వేస్తామన్నారు కదా సార్, నాయనకు చిల్లు పడడమేమిటి?" అని అడిగాడు. "నాళంలో సున్నం రాయిలా గట్టిపడింది. దాన్ని వెడల్పు చేస్తుంటే గోడ చిరిగింది. చిరిగినచోట లోపలి నుంచి మూత వేశాం. ఇప్పుడు బీపీ బాగుంది. ఈ రాత్రి జాగ్రత్తగా చూడాలి" అన్నాను. చిన్న సమస్య అనలేదు, దేవుడి మీదా పెట్టలేదు. అతను నా ముఖం చూసి, తర్వాత నా చేతుల వైపు చూసి, బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ రాత్రి

కొసన పడిన చిల్లు కొన్నిసార్లు టేబుల్ మీద కనిపించదు. కొన్నేళ్ల క్రితం ఒక కేసు శుభ్రంగా ముగించి, సాయంత్రం హైదరాబాద్ బయలుదేరాను. చౌటుప్పల్ దాటానో లేదో ఫోను. వార్డులో బీపీ 80, చెమటలు, కడుపులో తిప్పుతోందని రోగి అంటున్నారు. గ్యాసు సూది ఇచ్చారట. కారు వెనక్కి తిప్పి, ఎకో పెట్టమన్నాను. సంచి నిండా రక్తం. నేను చేరేలోగా మత్తు డాక్టరు ఫోనులో నా మాటలు వింటూ సూది దించారు, రోగి బతికారు. తర్వాత నేను చివరి షాట్ మళ్లీ వేసి చూశాను. ఒక చిన్న కొమ్మ కొసన, సరిగ్గా షాట్ ముగిసే చోట, గోరంత మరక. ఇంకో రెండు క్షణాలు పెడల్ మీద కాలు ఉంచి ఉంటే కనిపించేది.

అందుకే చివరి షాట్‌ను వైరు తీశాక, రెండు కోణాల్లో, డై సిరల్లోకి వెళ్లేదాకా సాగదీయండి. చిల్లు పడిన రోగికి టేబుల్ దిగేముందు ఎకో, ఆ తర్వాత గంటకు, నాలుగు గంటలకు, మర్నాడు ఉదయం మళ్లీ ఎకో. రాత్రి డ్యూటీ నర్సుకు కాగితం మీద రాసివ్వండి: బీపీ 100 కన్నా తగ్గినా, నాడి 100 దాటినా, చెమట పట్టినా, అస్థిమితంగా కదిలినా, గ్యాసు అనుకోకుండా ఎకో పెట్టించాలి, తర్వాత ఫోను చేయాలి. డ్రెయిన్‌లో కొత్త రక్తం రావడం ఆగి ఒక రోజు గడిచి, ఎకో శుభ్రంగా ఉంటే తీసేయవచ్చు.

కవర్డ్ స్టెంటు మామూలు స్టెంటు కన్నా తొందరగా గడ్డకట్టి మూసుకుంటుంది. కాబట్టి రక్తాన్ని పలచబరిచే రెండు రకాల మాత్రలూ కనీసం ఏడాది వేసుకోవాలి. డిశ్చార్జి కాగితంలో ఇంగ్లిషులో ఎంత రాసినా, ఊరి ఆర్‌ఎంపీ దగ్గరా, పన్ను పీకే డాక్టరు దగ్గరా చదివేది ఎవరు? అందుకే పైన పెద్ద అక్షరాలతో తెలుగులో ఒక్క వాక్యం రాయించండి. పెద్దాయన కాగితం మీద ఇలా రాశాం: "వీరి గుండె నాళంలో పొర ఉన్న స్టెంటు ఉంది. ఈ రెండు మాత్రలను మమ్మల్ని అడగకుండా ఒక్క రోజు కూడా ఆపవద్దు." కింద ల్యాబు ఫోను నంబరు రాశాం.